కుక్కపిల్లల పార్వో వ్యాధి: ఒక క్రొత్త రోగము చరిత్ర

మానవుడు మచ్చిక చేసికొనిన జంతువులలో కుక్క మొట్టమొదటిది. ఆవు, గొఱ్ఱె, గుఱ్ఱము మానవుని దరి చేరుటకు వేల సంవత్సరములకు పూర్వమే, అనగా కనీసము 15,000 సంవత్సరముల క్రిందటనే, కుక్క అతని వెంట నడచినది. ఇంత దీర్ఘమైన సహవాసములో కుక్కకు వచ్చు జబ్బులన్నియు ఏనాడో తెలిసియుండవలెనని తోచును. పిచ్చికుక్క కాటును గూర్చి సుశ్రుత సంహితలోనే ప్రస్తావన కలదు. కాని నేడు పశువైద్యశాలలలో నిత్యము వినబడు "పార్వో" అను వ్యాధి ఏ ప్రాచీన గ్రంథమునందును కానరాదు. ప్రాచీన గ్రంథముల మాట యటుండ, 1975లో అచ్చయిన పశువైద్య పాఠ్యపుస్తకములలో గూడ అది లేదు. ఆ పుస్తకములు వ్రాసినవారిది పొరపాటు కాదు. నాటికి ఆ వ్యాధి వారి కంటబడలేదు. చరిత్రకు అందినంత దగ్గరలో పుట్టి, రెండు సంవత్సరములలో భూగోళమంతటను వ్యాపించిన రోగమిది.

వ్యాధి స్వరూపము

ఈ వ్యాధి ఆరు వారములకును ఆరు మాసములకును నడుమనున్న పిల్లలను ఎక్కువగా బాధించును. నిన్నటివరకు చెప్పులు కొఱుకుచు, తోక ఆడించుచు ఇల్లంతయు తిరిగిన పిల్ల ఒకనాటి ఉదయమున మూల చేరి పడుకొనును. అన్నము ముట్టదు, పిలిచినను లేవదు. సాయంకాలమునకు వాంతులు ప్రారంభమగును. మరునాటికి విరేచనములు పట్టుకొనును. వానిలో నెత్తురు కలిసి భరింపరాని వాసన వేయును. కండ్లు లోతుకు పోవును, చిగుళ్ళు పాలిపోవును, మెడవద్ద చర్మమును పట్టి లాగి వదలినచో అది వెంటనే యథాస్థానమునకు చేరదు. శరీరములో నీరు తరిగిపోయినదనుటకు ఇది గురుతు.

చికిత్స లేకున్నచో ఇట్టి పిల్లలలో పదింట తొమ్మిది దక్కవు. సకాలమున మంచి చికిత్స జరిగినచో పదింట ఎనిమిదియో తొమ్మిదియో బ్రతుకును. రోగము అదే, వైరసు అదే. దానిని నేరుగా చంపు మందు లేదు. అయినను ఇంత భేదము ఎట్లు కలిగినది? ఈ ప్రశ్నకు సమాధానము పార్వో చరిత్రలోను, అంతకు నూటయేబది సంవత్సరముల ముందటి మరియొక రోగపు చరిత్రలోను ఉన్నది.

1978వ సంవత్సరము

1978లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో కుక్కలు వాంతులతోను, రక్తవిరేచనములతోను గుంపులు గుంపులుగా జబ్బుపడినవి. ఆ కాలముననే ఐరోపా, ఆస్ట్రేలియా, జపానులనుండి గూడ ఇట్టి వార్తలే వచ్చెను. కొన్నిచోట్ల మరియొక వింత కనబడెను: నాలుగు, ఐదు వారముల పిల్లలు విరేచనములు లేకయే, ఆడుకొనుచున్నవి ఆడుకొనుచున్నట్లే కూలిపోయి మరణించెను. వాని గుండె కండరము చెడిపోయినట్లు పరీక్షలో తేలెను.

న్యూయార్కు రాష్ట్రములోని కార్నెల్ విశ్వవిద్యాలయమున లీలండ్ కార్మైకేల్, మాక్స్ ఆపెల్ మొదలగు శాస్త్రజ్ఞులు ఈ వ్యాధిపై పరిశోధన సాగించిరి. రోగము సోకిన కుక్కల మలమును ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరీక్షింపగా మిక్కిలి చిన్నవియు, గుండ్రనివియు అగు వైరసు కణములు కనబడెను. లాటిను భాషలో "పార్వస్" అనగా చిన్నది. ఈ జాతి వైరసులకు పార్వోవైరసులని పేరు వచ్చినది అందువలననే. దీని వ్యాసము సుమారు 25 నానోమీటర్లు. 40,000 కణములను వరుసగా పేర్చినచో ఒక మిల్లీమీటరు పొడవు వచ్చును.

1967లోనే కుక్కలలో ఒక పార్వోవైరసును కనుగొనియుండిరి. కాని అది వేరొక జాతిది. అందుచేత దానిని ఒకటవ రకమనియు, 1978లో వచ్చినదానిని రెండవ రకమనియు పిలిచిరి. శాస్త్రజ్ఞులు దాచియుంచిన పాత రక్తపు నమూనాలను వెలికి తీసి పరీక్షించిరి. అమెరికా, జపాను, ఆస్ట్రేలియా దేశములలో 1978కి పూర్వపు నమూనాలలో దీని జాడ లేదు. ఐరోపాలో మాత్రము 1970 దశకము మధ్యభాగపు నమూనాలు కొన్నింటిలో దీని ప్రతిరక్షకములు కనబడెను. కావున ఐరోపాలో మూడు నాలుగు సంవత్సరములు మరుగున మెలగి, పిమ్మట ఒక్కసారిగా లోకము మీద పడినదని తేలినది. 1980 దశకము తొలినాళ్ళలోనే మద్రాసునుండి భారతీయ పశువైద్య పత్రికలకు ఈ వ్యాధి వార్తలు అందెను.

పిల్లినుండి కుక్కకు

క్రొత్త వైరసు శూన్యమునుండి పుట్టదు, దానికి పూర్వీకులుండవలెను. పిల్లులకు తెల్లరక్తకణములు క్షీణించి, వాంతులు, విరేచనములు కలుగు ఒక ప్రాణాంతక వ్యాధి చాలకాలమునుండి తెలిసియున్నదే. 1928లో ఫ్రాన్సు దేశమున వెర్జ్, క్రిస్టొఫొరొని అనువారు బాక్టీరియా దూరలేని వడపోత గుండా ఈ వ్యాధి ద్రవమును పంపి, వడగట్టిన ద్రవముకూడ రోగమును కలిగించునని చూపిరి. అనగా రోగకారకము బాక్టీరియా కాదు, అంతకంటె చిన్నదైన వైరసు. 1947లో కెనడా దేశపు ఒంటారియోలో బొచ్చుతోలుకొఱకు పెంచు మింక్ అను జంతువులకు ఇట్టి వ్యాధియే సోకెను. కుక్కలలోని క్రొత్త వైరసు ఈ రెండింటికిని అతి సమీప బంధువని పరీక్షలు చూపెను.

పిల్లి వైరసుకును కుక్క వైరసుకును గల భేదము అత్యల్పము. పార్వోవైరసు నిర్మాణము సులభమైనది. లోపల సుమారు 5,000 అక్షరముల పొడవుగల ఒంటిపేట డి.ఎన్.ఏ.; దానిపై 60 ప్రోటీను తునకలతో అతికిన ఇరువది ముఖముల కవచము. 1991లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున మైకేల్ రాస్మాన్ బృందము ఎక్స్‌కిరణముల సహాయముతో ఈ కవచములోని పరమాణువుల అమరికను గుర్తించినది. కార్నెల్ శాస్త్రజ్ఞుడు కాలిన్ పారిష్ మున్నగువారి పరిశోధనలవలన ఆ కవచపు ప్రోటీనులో ఏవో కొద్ది అమైనో ఆమ్లములు మారుటచేతనే పిల్లి వైరసుకు కుక్క కణములలో ప్రవేశించు శక్తి కలిగినదని తెలియవచ్చినది. 2001లో ఆ ప్రవేశద్వారము ఏదియో గూడ బయటపడినది. జీవకణములు తమకు కావలసిన ఇనుమును లోనికి తీసికొనుటకు ఉపరితలమున ఒక ప్రోటీనును కలిగియుండును. దాని పేరు ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకము. వైరసు దానినే పట్టుకొని లోనికి పోవుచున్నది. ఇనుముకొఱకు తెరచిన తలుపున దొంగ దూరినట్లయినది.

వైరసు అంతటితో ఆగలేదు. 1979-80 ప్రాంతమున 2ఎ అను రూపము పొడసూపి మొదటిదానిని పూర్తిగా త్రోసివేసెను. 1984లో 2బి, 2000లో ఇటలీదేశమున 2సి కనబడెను. మొదటి రూపము పిల్లులకు సోకుట మానివేసినది. తరువాతి రూపములు ఆ శక్తిని మరల సంపాదించుకొన్నవి. ఐనను ఈ వైరసు మనుష్యులకు సోకదు. మనుష్యులకు సోకు పార్వోవైరసు వేరు. దానిని 1975లో కనుగొనిరి.

ఈ రోగము ఇంటికుక్కలతో పోలేదు. అమెరికాలోని సుపీరియరు సరస్సులో ఐల్ రాయల్ అను దీవి కలదు. అచటి తోడేళ్ళను, అవి వేటాడు మూస్ అను పెద్దదుప్పులను 1958నుండి శాస్త్రజ్ఞులు లెక్కించుచున్నారు. 1980లో 50 తోడేళ్ళుండగా 1982నాటికి 14 మాత్రమే మిగిలెను. నిషేధమును లెక్కచేయక ఎవరో తెచ్చిన కుక్క వెంట పార్వో దీవిలో ప్రవేశించినదని పరిశోధకులు భావించిరి. ఒక్క పెంపుడుకుక్క విషయములోని అజాగ్రత్త ఒక దీవి యొక్క ప్రకృతి సమత్వమునే కదలించినది.

ప్రేవులు ఏల చెడును?

పార్వోవైరసు చిన్నది గనుక దానికి స్వంత పనిముట్లు మిక్కిలి తక్కువ. తన డి.ఎన్.ఏ.కు నకళ్ళు తీసికొనుటకు జీవకణములోని యంత్రాంగమే దానికి ఆధారము. ఆ యంత్రాంగము విభజనకు సిద్ధమైన కణములందే పనిచేయుచుండును. కావున వేగముగా విభజన పొందు కణములు శరీరములో ఎచ్చట నున్నవో అచ్చటనే ఈ వైరసు విజృంభించును. చిన్నప్రేవుల లోపొర కొద్ది దినములకొకసారి క్రొత్తబడుచుండును. ఎముకలలోని మూలుగ రాత్రింబవళ్ళు తెల్లరక్తకణములను తయారుచేయుచుండును. ఈ రెండును దాని పాలబడును. అప్పుడే పుట్టిన పిల్లలో గుండె కణములుకూడ విభజన పొందుచుండును. మొదటి ఉపద్రవములో పిల్లలు హఠాత్తుగా కూలిపోవుటకు కారణమిదియే. తరువాత తల్లులకు రోగనిరోధకశక్తి అలవడి, అది పాల ద్వారా పిల్లలకు చేరుటచే గుండెజబ్బు అరుదైపోయినది.

ప్రేవుల లోపొర ఊడిపోగా రెండు కీడులు ఒకేసారి వచ్చును. నీరును లవణములును నిలువక కారిపోవును. ప్రేవులలోని బాక్టీరియా గోడ దాటి రక్తములో ప్రవేశించును. దానిని ఎదిరింపవలసిన తెల్లరక్తకణములు అప్పటికే నశించియుండును. పిల్లను చంపునది ఎక్కువగా ఈ రెండు పరిణామములే. శరీరము మూడు నాలుగు దినములు నిలద్రొక్కుకొనగలిగినచో ప్రతిరక్షకములు పుట్టి వైరసును అణచివేయును. ప్రేవులు మరల పొర కట్టుకొనును. కావున చికిత్స యనగా వైరసుతో యుద్ధము కాదు. శరీరమునకు గడువు సంపాదించి పెట్టుట.

సెలైను సీసా వెనుక కథ

ఈ గడువును సంపాదించు ఉపాయము కలరా రోగులనుండి నేర్చినది. 1831లో ఇంగ్లండున కలరా వ్యాపించినపుడు విలియం ఓషాగ్నెస్సీ అను యువ వైద్యుడు రోగుల రక్తమును పరీక్షించి, దానిలోని నీరును లవణములును మిక్కిలి తగ్గినవని చూపెను. ఈయనయే తరువాత భారతదేశమునకు వచ్చి కలకత్తా వైద్యకళాశాలలో బోధించి, 1850 దశకమున ఈ దేశములో తంతితీగలు వేయించెను. 1832లో స్కాట్లండులోని లీత్ పట్టణమున థామస్ లాటా అను వైద్యుడు ఈ మాటను ఆచరణలో పెట్టెను. చావుకు సిద్ధమైన ఒక వృద్ధురాలి సిరలోనికి ఉప్పునీటిని ఎక్కించెను. కొలదిసేపటిలో ఆమె కండ్లకు వెలుగు వచ్చెను, నాడి చక్కబడెను. ఇక భయము లేదనుకొని లాటా ఆమెను ఇతరుల సంరక్షణలో విడిచి వెళ్ళెను. వాంతులు, విరేచనములు మరల మొదలయ్యెను; ద్రవమును మరల ఎక్కించినవారు లేరు; కొద్ది గంటలలో ఆమె మరణించెను. ఒకసారి ఇచ్చి ఊరకుండినచో చాలదు, పోవుచున్నంత కాలము ఇచ్చుచునే యుండవలెనను పాఠము నాడే దొరికినది.

1880 దశకమున లండనులో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ద్రవములో ఉంచి పరిశోధించుచు, సోడియముతోపాటు పొటాసియము, కాల్షియము లవణములును ఉన్నగాని గుండె చక్కగా కొట్టుకొనదని కనుగొనెను. 1930 దశకమున అలెక్సిస్ హార్ట్‌మన్ అను అమెరికా శిశువైద్యుడు విరేచనములతో బాధపడు పసిబిడ్డలకొఱకు దానికి లాక్టేటును చేర్చెను. నేడు పార్వో సోకిన కుక్కపిల్ల కాలికి తగిలించు "రింగర్ లాక్టేట్" సీసా ఇదియే. వృద్ధురాలు, కప్ప, పసిబిడ్డ: ఇందరికి ఋణపడిన పిమ్మట అది కుక్కపిల్లకు దక్కినది.

లెక్క చూచినచో దీని అవసరము తేటపడును. 5 కిలోల పిల్ల శరీరపు బరువులో నూటికి 10 వంతుల నీరు కోల్పోయినచో లోటు 500 మిల్లీలీటర్లు. దీనికితోడు రోజువారీ అవసరము ఒకటి, గంటగంటకు వాంతులలో, విరేచనములలో పోవునది ఒకటి. వాంతి చేసికొను పిల్లకు నోట పోసినది నిలువదు గనుక సిరద్వారా ఇయ్యవలెను. వాంతులు కట్టుటకు సూదిమందు, రక్తములో చేరిన బాక్టీరియాపై యాంటీబయాటిక్ మందు, పొటాసియము, చక్కెర తగ్గకుండ చూచుట, ఒంటికి వెచ్చదనము: ఇవి మిగిలిన అంగములు.

ఆహార విషయములో ఒక పాత నమ్మకము మారినది. ప్రేవులకు విశ్రాంతి కావలెనని పూర్వము వాంతులు పూర్తిగా కట్టువరకు పిల్లను పస్తుంచెడివారు. 2003లో దక్షిణాఫ్రికానుండి ప్రకటింపబడిన పరిశోధనలో 30 కుక్కలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు చేర్చిన 12 గంటలకే ముక్కు ద్వారా వేసిన గొట్టముతో పలుచని ఆహారము నిచ్చిరి. రెండవ జట్టును పాత పద్ధతిలో పస్తుంచిరి. ఆహారము పొందినవి ముందుగా కోలుకొని, బరువు గూడ పెరిగెను. ప్రేవుల కణములు తమ ఆహారములో కొంత ప్రేవులలోనుండియే గ్రహించును గదా!

ఖర్చు మరియొక సమస్య. ఆస్పత్రిలో దినములతరబడి ఉంచు స్తోమత అందరికి ఉండదు. ఆ కారణముచేతనే అనేకమైన పిల్లలు చికిత్సకు నోచుకొనవు. అమెరికాలోని కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు దీనికి ఒక మార్గము వెదకిరి. 40 కుక్కలలో సగమును ఆస్పత్రిలోని పూర్తి చికిత్సకు ఉంచిరి. తక్కిన సగమునకు మొదట సిరద్వారా ద్రవమిచ్చి నిలబెట్టి, తరువాత చర్మము క్రింద ద్రవము, వాంతులకు సూది, ఎక్కువకాలము పనిచేయు యాంటీబయాటిక్ మాత్రమే ఇచ్చిరి. మొదటివానిలో నూటికి 90, రెండవవానిలో నూటికి 80 బ్రతికెను. 2017లో ప్రకటింపబడిన ఈ ఫలితము పేదవాని కుక్కకు గూడ ఆశ కలదని చాటినది. అయితే అది వైద్యుని చేతిమీదుగా, ప్రతిదినము పరీక్షించుచు చేసిన చికిత్స యని మరువరాదు.

2023లో అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖ పార్వోవైరసును నేరుగా పట్టి కణములలో దూరకుండ చేయు ఒక ప్రతిరక్షక ఔషధమునకు షరతులతో అనుమతి నిచ్చెను. అది వైరసుకే గురిపెట్టిన ఔషధము.

టీకా, దాని చిక్కు

1978లో ఉపద్రవము ముంచుకొని వచ్చినపుడు కుక్కల టీకా లేదు. వైరసుల బంధుత్వము తెలియగానే పశువైద్యులు పిల్లుల టీకామందునే కుక్కలకు వేసిరి. అది కొంత కాపాడినది, మందు చాలలేదు. కార్నెల్ శాస్త్రజ్ఞులు కుక్క వైరసును పరిశోధనశాలలోని కణములలో మరల మరల పెంచి, దాని తీవ్రతను పోగొట్టి, 1980 దశకపు ఆరంభమునకు సరియైన టీకాను సిద్ధపరచిరి. అయినను టీకా వేయించిన పిల్లలు కొన్ని రోగము పాలగుట చూచి జనులు ఆశ్చర్యపడుచుండిరి.

దీనికి కారణము తల్లి ముర్రుపాలు. వానిలోని ప్రతిరక్షకములు పిల్లను కాపాడును; కాని టీకాలోని వైరసును గూడ శత్రువనియే యెంచి నిర్వీర్యము చేయును. ఇవి సుమారు 10 దినములకొకసారి సగమగుచుండును. ఉదాహరణకు పుట్టినపుడు ఒక పిల్లలో వీని ప్రమాణము 640 అనుకొందము. 30వ దినమునకు 80, 40వ దినమునకు 40, 50వ దినమునకు 20 అగును. రోగమును ఆపుటకు 80 కావలెననియు, టీకా పనిచేయుటకు 20కి దిగవలెననియు అనుకొన్నచో, 30నుండి 50వ దినమువరకు ఆ పిల్లకు పాలవలన రక్షణ లేదు, టీకావలన లాభము లేదు. ఈ ఇరువది దినముల సందు ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క వయస్సున వచ్చును. ఏ పిల్లకు ఎప్పుడు వచ్చునో పైకి తెలియదు. అందుచేత 6 నుండి 8 వారముల వయస్సున మొదలుపెట్టి, 2 నుండి 4 వారములకొకసారి చొప్పున, 16 వారములు నిండిన పిదప చివరిది పడునట్లు టీకాలు వేయవలెనని నియమమేర్పడినది. ఆరుమాసములకో సంవత్సరమునకో మరియొకటి వేయింతురు. "ఒక సూది వేయించితిమి గదా" యని మిగిలినవానిని మానుకొనుటవలననే అనేకమైన పిల్లలు ప్రాణము కోల్పోవుచున్నవి.

ఇంటివారు చేయవలసినవి

పిల్ల తిండి మాని, వాంతి చేసికొనినచో మరునాటివరకు వేచియుండక ఆనాడే పశువైద్యునికి చూపవలెను. మనుష్యుల మాత్రలు ఇయ్యరాదు. జబ్బుపిల్లను ఇతర కుక్కలనుండి వేరుచేయవలెను. టీకాలు పూర్తికాని పిల్లను వీధికుక్కలు తిరుగు చోట్లకు తీసికొనిపోరాదు.

పార్వోవైరసుకు పైన క్రొవ్వుపొర లేనందున సబ్బు, సారాయి ద్రావణములు దానిని చంపలేవు. నేలమీద, పాత్రలమీద, చెప్పుల అడుగున అది మాసముల తరబడి జీవించును. ముందుగా మలమును తీసివేసి కడిగి, ఒక పాలు బ్లీచింగు ద్రావణమునకు 30 పాళ్ళు నీరు కలిపి ఆ చోటును తడిపి, పది నిమిషములు ఉంచవలెను. కోలుకొనిన పిల్లయు కొన్ని వారములపాటు మలముద్వారా వైరసును విడుచుచునే యుండవచ్చును. దానిని అంతవరకు ఇతర పిల్లలతో కలియనీయరాదు.

1978లో కుక్కలకు సోకిన ఈ క్రొత్త రోగము శాస్త్రజ్ఞులకు ఒక గొప్ప పాఠము నేర్పినది. ఒక జంతువులోని వైరసు నాలుగైదు మార్పులతో మరియొక జంతువులోనికి గంతు వేయగలదనియు, రెండు సంవత్సరములలో ప్రపంచమును చుట్టి రాగలదనియు అది ముందే చూపినది. 2020లో మానవులే అట్టి అనుభవమును పొందిరి. పార్వో సోకిన పిల్ల ప్రక్కన రాత్రియంతయు మేల్కొని సెలైను బొట్లు లెక్కించు బాలునికి ఈ చరిత్ర తెలియకపోవచ్చును. కాని లీత్ పట్టణపు వైద్యుడు వృద్ధురాలి పడక ప్రక్కన నేర్చిన పాఠమునే అతడును ఆచరించుచున్నాడు: పోయినదానిని పోయినట్లు పూరించుచు, శరీరము తన పని తాను చేసికొనువరకు విడువక కాచుకొనియుండుట.